పేరమ్మ నమ్మని గుండె

పేరమ్మ ఎవరినీ నమ్మదు. కోట బజారులో గంప దించి చేపలమ్మే మనిషి ఊరికే ఎందుకు నమ్మాలి చెప్పండి? రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు పైన నిగనిగలాడే చేపలు పరిచి, అడుగున నిన్నటివి కూరేవాళ్ళను ఆమె ఎంతమందిని చూడలేదు! అందుకే పైదాన్ని ముట్టదు. అడుగునుంచి ఒకటి లాగి, మొప్ప ఎత్తి, ఎరుపు చూసుకుని గానీ ధర చెప్పదు.

అలాంటి మనిషి మొన్న పాట మధ్యలో ఇసుకలో పడిపోయింది. గుండె లయ తప్పుతోందనీ, మళ్ళీ తప్పితే ఆగిపోవచ్చుననీ నెల్లూరు డాక్టరు నరేంద్రబాబు చెప్పాడు. కాలి నరం గుండా సన్నటి తీగ పంపి, లయ తప్పిస్తున్న చోటును కాల్చాలట. ఎక్కడ కాల్చాలో ముందు కంప్యూటరులో చూసుకుంటారట. స్కానింగ్ తీసి, అచ్చం ఆమె గుండెలాంటిదాన్నే అందులో తయారుచేశారట. ఇన్ని 'అట'లు వినేసరికి పేరమ్మకు ఒళ్ళు మండింది.

డాక్టరు గదిలో కంప్యూటరు తెర మీద ఎర్రటి గుండె కొట్టుకుంటోంది. డాక్టరు ఏదో నొక్కగానే అది గిలగిలా వణికి లయ తప్పింది. ఒక చోట కాల్చినట్టు చూపించగానే కుదుటపడింది.

"చూశారా అమ్మా, మీకు చేసేముందు దీనికి చేసి చూసుకుంటున్నాం."

"అది నాదేనని ఏంది గ్యారంటీ? వొచ్చినోళ్ళందరికీ ఇదే బొమ్మ చూపిస్తా ఉండారేమో," అంది పేరమ్మ.

పక్కనున్న కూతురు రోజాకు తల కొట్టేసినట్టయింది. "ఊరుకోమా, సార్ మన మంచికే గదా చెప్తా ఉండేది."

"నువ్వుండు మే. సార్, నేను మీకు చెప్పంది ఏదన్నా దాంట్లో ఉంటే చెప్పండి. అప్పుడు ఒప్పుకుంటా."

డాక్టరుకు కోపం రాలేదు. బొమ్మను తిప్పి, కిందివైపు ఒక బూడిదరంగు మచ్చ చూపించాడు.

"ఇక్కడ కండ చచ్చిపోయింది. ఎన్నో ఏళ్ళ కిందట మీకోసారి గుండెపోటు వచ్చిపోయింది. గుండెను కొట్టించే కరెంటు ఈ మచ్చ చుట్టూ తిరిగి దారి తప్పుతోంది. అప్పుడు నొప్పి బాగా వచ్చుండాలే?"

"రాలేదు," అంది పేరమ్మ. అనడమైతే అంది గానీ, అనుమానంగా కూతురి వైపు చూసింది. ఈ పిల్లే చెప్పిందా? రోజాకు తెలిస్తే కదా చెప్పడానికి!

రోజాకు తెలిసింది వేరు. అన్నేళ్ళ కిందట పడవ బోల్తాపడి నాన్న గంగులయ్య పోయాడని బజారుకు కబురొస్తే, అమ్మ గంప ఖాళీ అయ్యేదాకా లేవలేదని ఊరంతా చెప్పుకుంది. రాతిగుండె మనిషి అన్నారు. రోజా కూడా అదే అనుకుంది. తనకు పిల్లలు పుట్టినా ఆ మాట కడుపులోంచి పోలేదు.

పేరమ్మ తెర దగ్గరికి జరిగి మచ్చ మీద వేలు పెట్టింది.

"నాదే సార్," అంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "మీ నాయన కబురు విని లేద్దామనుకున్నా మే. ఎడమచెయ్యి మొద్దుబారిపోయింది. ఊపిరాడలా. లేవలేకపోయినా. వొచ్చినోళ్ళు వాళ్ళే చేపలేరుకోని, దుడ్లు పడేసి పోయినారు. నేను ఒక్కటి గూడా అమ్మలేదు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదుమా?"

"చెప్తే నమ్ముతారా?"

రోజా తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"కాల్చండి సార్," అంది పేరమ్మ. "ముందు ఆ మచ్చ నా బిడ్డకు ఇంకోసారి చూపించండి."