కళ్ళు మూసుకుంటే ఒహాయో

సింగపూర్ టాంపినీస్‌లో మా పై ఫ్లాట్ అంకుల్ ముప్పై ఏళ్ళు కాల్ సెంటర్‌లో కూర్చుని ఫోనులో అమెరికావాళ్ళ ఫ్రిజ్‌ల గోడు విన్నారు. అమెరికా మాత్రం చూడలేదు. కూల్‌డ్రింకును ఎవరైనా ‘సోడా’ అంటే ఒక రాష్ట్రం, ‘పాప్’ అంటే ఇంకోటి. యాస చెవిన పడగానే కళ్ళు మూసుకుని, వాళ్ళ పెరట్లో మంచు ఎన్ని అడుగులు పడిందో కూడా చెప్పేసేవారు.

ఒకరోజు మేమిద్దరం ట్రైన్‌లో వెళ్తుంటే ఒక అమెరికా ఆవిడ, దిగాక ‘పాప్’ కొనిస్తానని కూతురికి సాగదీసి చెబుతోంది.

“ఒహాయో రాష్ట్రం!” అన్నారు అంకుల్.

ఆవిడ నోరు తెరిచింది. “మా వైపు ఎప్పుడున్నారు?”

“ఉన్నానని చెప్పేయండంకుల్, ఎవరొచ్చి చూశారు!” అన్నాను తెలుగులో.

“నువ్వూరుకోవయ్యా.” ఆవిడ వైపు తిరిగారు. “ఎప్పుడూ రాలేదమ్మా, విన్నానంతే.”

పాపం, ఆవిడ తన వీధి ఫొటో చూపించబోయింది. అంకుల్ గబుక్కున కళ్ళు మూసుకున్నారు.

“ఫొటో వద్దమ్మా. మీరు చెప్పండి, నేను చూస్తాను.”