వీధి దాటిన నెట్

యేసమ్మను సమాధి చేసి వస్తూ, ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లంతా ఒక్క ముచ్చటే చెప్పుకున్నారు. 2008 నాటి చెరకు సీజన్ ముచ్చట అది.

బోధన్‌లో చర్చి వెనక వీధిలో, తన ఇంటికి ఎదురుగా వీధి అవతలున్న గదిలో యేసమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. టైపు మిషన్లకు కాలం చెల్లాక కంప్యూటర్ తెచ్చి, ఇంటర్నెట్ నేర్పుతానని బోర్డు పెట్టింది. ఫోను లైనేమో ఇంట్లో ఉంది. వీధి మీదుగా తీగ లాగితే, ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టరు దాన్ని గడలకు చుట్టుకుని లాక్కుపోయింది. ఇక తీగ లేకుండానే కావాలని, ఇంట్లో వైర్‌లెస్ మోడెం పెట్టించి గదిలోని కంప్యూటర్‌కు ఆ నెట్ అందించే వేలెడంత అడాప్టర్ కొన్నది.

కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్. కాపీ కొట్టిన విండోస్ వద్దని, ఉచితంగా దొరికే దాన్ని తానే వేసుకుంది. దానితో అడాప్టర్ పలకలేదు.

“మేడం, అందరు గదే ఏస్కుంటరు. ఎవడడుగుతడు?” అన్నాడు కంప్యూటర్ దుకాణం దేవిదాస్, కాపీ సీడీ చేతిలో ఆడిస్తూ.

“ఆదివారం బడి పిల్లలు అడుగుతరు బిడ్డా. ‘దొంగిలవద్దు’ అని వల్లె వేయించేది నేనే గద.”

భర్త సత్యానందానికి ఓపిక పోయింది. “బోర్డు పెట్టి నవ్వులపాలైతున్నం. ఆదివారం ఆరాధన దాక సూస్త. గప్పటికి రాకుంటే గా సీడీనే ఏపిస్త.”

యేసమ్మ బట్టల గంపలో సీపీయూ పెట్టుకుని వీధి దాటింది. తెరనూ కీబోర్డునూ కూడా తెచ్చుకుని, ఇంట్లో మోడెంకు తీగతో తగిలించి, లినక్స్ వాడేవాళ్లు రాసుకున్నవన్నీ చదివింది. అడాప్టర్‌తో వచ్చిన సీడీలో దాన్ని నడిపించే విండోస్ ప్రోగ్రాం, అంటే డ్రైవర్ ఉంది; దాన్నే లినక్స్ చేత వాడించే సాధనం ఒకటుందట. ఆ సీడీ కొన్నదే, దొంగది కాదు. సాధనం దించుకుని ఆదేశాలు కొట్టసాగింది. పాస్‌వర్డ్ కొడుతుంటే, లినక్స్ తీరే అంత, తెర మీద ఒక్క అక్షరమూ పడలేదు.

“కీబోర్డు సచ్చినట్టుంది,” అన్నాడు సత్యానందం.

“సావలే. మీటల మీద గుడ్డ కప్పి నేర్పినదాన్ని. కనబడకుంటే నా వేళ్లు ఆగుతయా?”

డ్రైవర్ ఎక్కింది. గదికి తెచ్చి చూస్తే మళ్లీ మౌనమే. శనివారం మళ్లీ గంపెత్తింది.

“ఏం యేసమ్మా, పిల్లకు జరం తగ్గలేదా?” అని పక్కింటి వెంకటవ్వ గంపలోని సీపీయూను చూసి నవ్వింది.

“రేపటికి తగ్గుతది తియ్యి!”

ఈసారి చదివితే తెలిసింది. లినక్స్‌లో ముందే ఉన్న డ్రైవర్ ఒకటి, కొత్తదాని కంటే ముందుగా అడాప్టర్‌ను పట్టుకుంటోంది. యేసమ్మకు నవ్వొచ్చింది. “ఒక్క మిషన్ మీద ఇద్దరికి ఒకటే టైం ఇచ్చినట్టున్నది. ఒకల్ని లేపాలె!” ఆ పాతదాన్ని ఎక్కించవద్దని ఒక్క వరుస రాసి గదికి తెచ్చింది.

ఆదివారం చర్చి గంట కొట్టకముందే అడాప్టర్ దీపం మిణుకుమంది.

ఆరాధన అయ్యాక దేవిదాస్ వచ్చేసరికి తెర మీద పేజీ తెరుచుకుని ఉంది. యేసమ్మ నోరు విప్పకముందే సత్యానందం లేచాడు. “నీ సీడీ తీస్కపో దేవిదాసూ. మా ఆమెకు దొంగ సొమ్ము పడదు.”

అంతలో గడలు నిండుగా వేసుకున్న ట్రాక్టరొకటి ఇంటికీ గదికీ నడుమ నుంచి పోయింది. యేసమ్మ తల తిప్పకుండా ఇంకో పేజీ తెరిచింది.