పాత కంప్యూటర్‌కు అందని గొంతు

మాది పావగడ తాలూకా రాయచెర్లు. తెరమీది అక్షరాలను తెలుగులో, కన్నడలో చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి రాసి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా నెట్‌లో పెట్టాను. నేను ఏ చిన్న మార్పు చేసినా, ఒక్కో రకం ప్రాసెసర్‌కు ఎక్కించుకోవడానికి ఒక్కో ప్యాకేజీ దానంతటదే తయారయ్యేది. పాత కంప్యూటర్ల ప్యాకేజీకి చాలాసేపు పడుతోందని, ఇంకా ఎవరు వాడతారులే అని, దాన్ని పూర్తిగా తీసేశాను.

వారం తిరక్కుండానే ఒక ఉదయం పదిన్నరకు లక్ష్మిదేవి ఫోన్ చేసింది. ఆమెది బలసముద్రం, చూపు లేదు; నా ప్రోగ్రామే వాడుతుంది. సోలార్ కంపెనీలో ఆఫీసు ఉద్యోగానికి పరీక్ష రాయడానికి వై.ఎన్.హొసకోట వెళ్లింది.

"అక్కా, ఈడ పాత కంప్యూటర్ ఇచ్చినారు. నీ ప్రోగ్రామ్ ఎక్కడం లేదంట. పదకొండుకే పరీక్ష. ఏం చేసేదక్కా?"

తీసేసినదాన్ని మళ్లీ చేర్చి, ప్యాకేజీ తయారీకి పంపాను. అరగంట నడిచి, చివర్లో ఆగిపోయింది. కంగారులో ఒక అక్షరం తప్పు కొట్టాను. దిద్ది మళ్లీ పంపి, తెర ముందు కూర్చుని ఏడ్చేశాను. ప్యాకేజీ ఆమెకు చేరేసరికి గంట పరీక్షలో పావుగంటే మిగిలింది.

సాయంత్రం బలసముద్రం వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"అన్నీ నాకు తెలిసిన ప్రశ్నలేనక్కా. టైమే సాల్లేదు" అంది.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. తీసేసే ముందు ఆమెలా వాడేవాళ్లకు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. ఆ సంగతి తలచుకుంటే ఈరోజుకీ నాకు ముద్ద దిగదు.