అత్త నెత్తురులోనూ అదే గుర్తు

పక్కింటి మామ పోయాడు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసి రిటైరైన మనిషి. నమాజు నుంచి వచ్చి కాసేపు పడుకుంటానన్నవాడు మళ్లీ లేవలేదని ఆయన కోడలు గోడ అవతల నుంచి కేక పెట్టింది. చేతిలో చేట పడేసి పరుగెత్తాను. ఆయన మాకు చుట్టమూ కాదు, మా మతమూ కాదు. కానీ ఈ రోజు నేను బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

ఉరవకొండ నుంచి అనంతపురం కాపురానికొచ్చిన రెండో ఏడు, ఒడిలో మూడు నెలల పిల్లాడుండగా నాకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో నెత్తురు తీశారు. టైఫాయిడ్ గుర్తు ఉందని మామ చేతిరాతతోనే కాగితం వచ్చింది. జావ తాగించమని డాక్టరు చెప్పినా మా అత్త చెవికెక్కలేదు. ఆమెకు లంకణమే పరమౌషధం. ఐదు రోజులు కాచిన నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. నా పాలు ఎండిపోయాయి. పిల్లాడు ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడమూ మానేశాడు.

"పిల్లోని గొంతే ఇనపడలేదు, యాడికి పోయినారు?" అంటూ వచ్చిన మామ నన్ను చూసి నిలబడిపోయాడు.

"నువ్వే కదప్పా రాసిస్తివి! అన్నం పెడితే పేగు తెగుతాది" అంది అత్త.

మామ ఆసుపత్రికి పోయి సూది తెచ్చాడు. "అక్కా, చెయ్యి చాపు."

"నాకేమొచ్చిందప్పా? గుండ్రాయి మాదిరి ఉండా."

"అందుకే అడుగుతాండా."

మరుసటి రోజు రెండు వరసల గాజుగొట్టాలు తెచ్చి కిటికీ వెలుగులో పెట్టాడు. నెత్తుటి తేటను పల్చన చేసుకుంటూ పోయి, చంపిన టైఫాయిడ్ క్రిములు కలిపి, ఎన్నో గొట్టం దాకా గడ్డ కడుతుందో చూడడమే ఆ పరీక్ష; ఎంత దూరం కడితే గుర్తు అంత గట్టిదని లెక్క. నాదీ అత్తదీ ఒకే గొట్టం దాకా గడ్డ కట్టాయి.

"చూడక్కా, ఈ పొద్దు నుంచి నీకూ లంకణమే!"

అత్త రెండు వరసలనూ మార్చి మార్చి చూసింది. మామ గొంతు తగ్గించాడు. "ఈ సీమ నీళ్లు తాగినోళ్ల నెత్తుట్లో పాత జ్వరాల గుర్తులు ఉంటాయి. వారం పోయినాక మళ్లీ తీసి, గుర్తు పెరిగిందా అని చూడల్ల. ఆ మాట రాయకపోవడం నా తప్పే. టైఫాయిడ్ అయినా గంజి పొయ్యల్ల గదా అక్కా, బిడ్డతల్లి!"

అత్త లేచి పొయ్యి రాజేసింది. వారం తర్వాత తీసిన నెత్తుట్లో గుర్తు పెరగలేదు. అది మలేరియా అని తేలింది. అప్పటి నుంచి మామ ప్రతి కాగితం అడుగునా ఎర్రసిరాతో "వారానికి మళ్లీ" అని రాసేవాడు. "కాగితం కంటే ముందు మనిషి మొగం సదవల్ల" అని తనను తానే తిట్టుకునేవాడు. నేనైతే ఆయన్ను ఏనాడూ తప్పు పట్టలేదు.

ఖబరస్తానుకు ఆడవాళ్లం పోలేదు. పదహారేళ్ల మా పిల్లాడు పోయి, మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాడు. స్నానం చేసి, ఉబ్బిన కళ్లతో పీట మీద కూర్చుని, "అన్నం పెట్టుమా, ఆకలైతాంది" అన్నాడు. పెట్టాను. చూపు ఆనని మా అత్త గోడకు చేరగిలబడి, వాడు నమిలే చప్పుడు వింటూ కూర్చుంది.

"ఇంగొంచెం పెట్టు వానికి" అంది.