నానోట్యూబుల రేకుకు దిష్టిచుక్క

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే ఉండేది. ఉండదా మరి! చదివిందేమో కార్బన్ నానోట్యూబులు, అంటే వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని బొగ్గు గొట్టాలు. కొలువేమో కరీంనగర్‌లో, చిన్న కంపెనీ పెట్టిన మా సారు సొంతింటి కింది అంతస్తులో. ఆ గొట్టాలను పలచటి ప్లాస్టిక్ రేకు మీద పరిచి, అద్దంలా అవతలివైపు కనబడుతూనే కరెంటు పారే తెర చేయాలి. ఫోన్ల కంపెనీ ఆయన వచ్చి చూసి మెచ్చితే మేం నిలుస్తాం. లేదంటే నేను మా ఊరు భైంసాకు మూటాముల్లె సర్దుకోవాలి. "గా నల్లపొడి కొలువెందుకురా, పత్తి దుకాన్ల కూసో" అని బాపు అప్పటికే నా కోసం కుర్చీ తుడిచి పెట్టాడు.

నెలల తరబడి రేకులు పాడుచేశాక ఒక్కటి కుదిరింది. మచ్చ లేదు, గీత లేదు. మాస్కు, గ్లౌజులు లేకుండా ఆ గదిలోకి ఈగను కూడా రానిచ్చేవాణ్ణి కాదు (ఈగకు మాస్కెక్కడిదని అడగకండి). ఫోన్ల కంపెనీ పెద్దమనిషి రానే వచ్చాడు. గేటు దాకా వెళ్లి ఆయన్ను వెంటబెట్టుకొచ్చేసరికి, పై అంతస్తులో ఉండే సారు వాళ్ల అవ్వ రేకు ముందు నిలబడి ఉంది. చేతిలో కాటుక భరిణె. రేకు నడిమధ్యన శనగగింజంత నల్లచుక్క!

"ఏం జేసినవ్ అవ్వా!"

"గింత మంచిగున్నది బిడ్డా. ఎవలి కన్ను తాకద్దని దిష్టిచుక్క వెట్టిన."

"గిదేమన్న పసిపిల్లనా అవ్వా!"

"మరి పొద్దుందాక దాన్నే చూసుకుంట మురుస్తవు గద?"

తుడుద్దామంటే కాటుకతో పాటు నానోట్యూబులూ ఊడొస్తాయి. గోడకు తల బాదుకోవాలనిపించింది. సారు "ఏం ఫికర్ చెయ్యకు" అని నాకు చెబుతూ తన చెమట తుడుచుకుంటున్నాడు. వచ్చినాయన మాత్రం రేకు రెండు అంచులకూ వైర్లు తగిలించాడు. చిన్న బల్బు వెలిగింది. అప్పుడు చుక్క మీదికి వంగి చూసి నవ్వాడు.

"నా కొత్త స్కూటర్‌కు మా అమ్మ గిట్లనే వెట్టింది. చుక్కను ముట్టకుండ్రి, నమూనా గిట్లనే తీస్కపోత."

"చూసినవా బిడ్డా? నా చుక్క లేకుంటే ఏమైతుండెనో!" అంది అవ్వ. చాకిరీ నాది, పేరు కాటుకది! ఒళ్లు మండిపోయింది.

ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అవ్వకు చూపు ఆనడం లేదు, మెట్లు దిగలేకపోతోంది. సరుకు బయల్దేరినప్పుడల్లా పైనుంచి కేక వేస్తుంది: "చుక్క వెట్టినవా బిడ్డా?"

"వెట్టిన అవ్వా, వెట్టిన!" అని విసుక్కుంటాను. అబద్ధం కాదు. డబ్బా అడుగున, ఎవరికీ కనబడనిచోట, నేనే పెడతాను.