అంగడికి ముందు అరక కట్టరు

నారాయణఖేడ్‌లో నాది జిరాక్స్ దుకాణం. ఒరిజినల్ అంటూ నా దగ్గర ఏదీ ఉండదు. ఒక్క అభిమానం మాత్రం ఒరిజినలే అనుకునేవాణ్ణి. అది కూడా అమెరికాలో ఆడే ఒక బాస్కెట్‌బాల్ జట్టు మీద. ఆట పేరులోనే బుట్ట ఉంది, నేను అందులో పడడంలో వింతేముంది?

చిన్నప్పుడు మిషన్ హాస్టల్ మైదానంలో, వల లేని ఒంటి రింగు కింద ఆడేవాణ్ణి. పొట్టివాణ్ణి కాబట్టి బంతి కంటే ముందు నేనే కింద పడేవాణ్ణి. నా జట్టులోని పదకొండో నంబరు ఆటగాడు కూడా, అక్కడి వాళ్ల మధ్య, పొట్టివాడే. తొమ్మిదేళ్లుగా అదే జట్టు, తొమ్మిదేళ్లుగా అదే ఓటమి. ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు, కాకపోతే నన్నెవరూ రమ్మనలేదు. అతనున్నంత కాలం, ఉన్నచోటే ఉండిపోవడం కూడా ఒక ఆటే అనిపించేది నాకు.

అక్కడ ఏటా ఫిబ్రవరిలో ఒక గడువు వస్తుంది. ఆలోపు జట్లు ఆటగాళ్లను ఒకరికొకరు మార్చుకోవచ్చు. చాలాసార్లు ఆటగాణ్ణి అడగను కూడా అడగరు. దాన్ని ట్రేడ్ అంటారు. మా ఊళ్లో ట్రేడ్ అంటే ఐటీఐలో ఫిట్టరా, ఎలక్ట్రీషియనా అని. ఈ ఏడు గడువు ఇంకా వారం ఉందనగా, మా పదకొండో నంబరును ఇచ్చేస్తున్నారన్న పుకారు షికారుకు బయలుదేరింది.

దుకాణంలో పాడైన జిరాక్స్ కాగితాలకు కొదవ లేదు. ఒకదాని వెనక గీత గీసి, ఎడమ వైపు ‘ఉంటాడు’ అని, కుడి వైపు ‘పోతాడు’ అని రాశాను. ఎడమ వైపు జల్దీ నిండింది. ‘అతను మా ఇంటి మనిషి’ అని కోచ్ అందరి ముందూ అన్నాడు. ‘ఇచ్చే ప్రసక్తే లేదు’ అని యాజమాన్యం చెప్పింది. గాయమేమీ లేకపోయినా రెండు ఆటలకు విశ్రాంతినిచ్చారు, పెద్దవాడన్న గౌరవంతో. కుడి వైపు ఉన్నది ఒక్కటే వదంతి. అది నన్ను వదలనంది గానీ, నేనే దాన్ని వదిలేశాను.

మా మేనమామ ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చింది అప్పుడే. ముప్పై ఏళ్లు చుట్టుపక్కల అంగళ్లలో, అంటే పశువుల సంతల్లో, ఎడ్ల బేరాలు కుదిర్చినవాడు.

“ఏందిరా గిది?” అన్నాడు కాగితం లాక్కుని.

“ఒక ఆటగాడున్నడు మామా. ఉంటడా పోతడా అని సూస్తున్న.”

“ఏండ్లెన్ని?”

“ముప్పై నాలుగు.”

“పండ్లన్నీ అరిగినయ్ అన్నట్టు. మరి దెబ్బ తాకలేదని రాస్తివి, ఎందుకు కూసోవెట్టిన్రు?”

“గౌరవం మామా. పెద్దోడు గదా.”

మామ నవ్వాడు. మిషన్ చప్పుడు కంటే గట్టిగా నవ్వాడు.

“అంగడి రెండ్రోజులున్నదనంగ ఎద్దును అరక కట్టరు రా. కాలు మడతవడితే కొనెటోడు ఎనుకకు పోతడు. మంచి గడ్డేసి నీడకు కడ్తరు. ఎద్దు గూడ నీ లెక్కనే అనుకుంటది, గౌరవమని.”

“ఇంటి మనిషి అన్నరు మామా, అందరి ముందట.”

“ఇంట్ల ఎవడన్న ఎద్దుకు గా మాట చెప్తడా? అంగట్లనే చెప్తరు. నేనెన్నిసార్లు చెప్పిన్నో.” భుజం మీది టవల్ తీసి నా చేతి మీద కప్పాడు. అంగట్లో గుట్టుగా ధర చెప్పుకునే తీరుగా, దాని కింద నా రెండు వేళ్లు పట్టి గట్టిగా నొక్కాడు. పైకి అతని ముఖంలో ఏమీ లేదు. “నోటితోటి చెప్పేది సూసెటోళ్ల కోసం. బేరం గీడ ఉంటది. పోయిందిరా అల్లుడా, నీ ఎద్దు.”

అతను వెళ్లాక ఎడమ వైపు ఉన్న మూడింటికీ బాణాలు గీసి కుడి వైపుకు పంపాను. ఎడమ వైపు తెల్లగా మిగిలింది. అయినా వారమంతా ఫోను చూస్తూనే ఉన్నాను. జిరాక్స్ వాణ్ణి కదా, ఉన్న ఒక్క ఆశనే మళ్లీ మళ్లీ కాపీ తీశాను. తీసిన కొద్దీ మసకబారింది.

గడువు మనం నిద్రలో ఉండగా ముగుస్తుంది. లేచి చూసేసరికి కొత్త జట్టు చొక్కాతో అతని ఫోటో. నంబరు నలభై నాలుగు. అక్కడ పదకొండు ఇంకెవరిదో. బదులుగా మా జట్టుకు ఇద్దరు కుర్రాళ్లు, పైగా మూడేళ్ల తర్వాత ఎవరో ఒక కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు.

రాత్రి వేసుకుని పడుకున్న పదకొండో నంబరు చొక్కాతోనే మామ ఇంటికి వెళ్లాను. హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్నది, అదీ నకలే. మామ కొట్టంలో మంచమేసుకుని చాయ్ తాగుతున్నాడు. ఎడ్లు లేవు. ఆఖరి జతను రెండేళ్ల కింద తనే అమ్మేశాడు.

“ఇడిసిన్రా?”

“ఇడిసిన్రు.” ఏమిచ్చారో చెప్పాను.

“పుట్టని దూడకు ఎద్దునిచ్చిన్రా? గంత పిస్సోళ్లను నేనెన్నడు సూడలే.” ఆ తర్వాత నా చొక్కా వైపు చూశాడు. “పోనీ తియ్. తలుగు నీకాడ్నే ఉండె గదా.”

మా దిక్కు ఎద్దును అమ్మితే దాని మెడలోని తాడును, అంటే తలుగును, కొన్నవాడికి ఇవ్వరు. వాడు తన తాడు తెచ్చుకుని కట్టుకుపోవాలి. తలుగు ఇంట్లో ఉంటే లక్ష్మి ఇంట్లోనే ఉంటుందని నమ్మకం.

“లక్ష్మి ఉన్నదా మామా?” అన్నాను.

మామ గోడ వైపు చూశాడు. మేకులకు వరసగా తాళ్లు, మెడలు రాసుకున్న చోట నున్నగా మెరుస్తున్నాయి. కింద ఖాళీ మేత గాడిలో ఒక కోడి పడుకుని ఉంది.

“తలుగులైతే ఉన్నయ్” అన్నాడు.