వాగుకు అవతల ఏడిళ్లు

గ్రాసియానా ఉర్రూటియా ముప్పై ఒక్క సంవత్సరాలు పైన్ ఫోర్క్ బడి బస్సు నడిపింది. ఆ నెవాడా ఎడారిలో ఏ మలుపు దగ్గర ఎవరి తపాలా పెట్టె ఉందో, ఎవరి కుక్క చక్రాల వెంటపడుతుందో ఆమెకు కంఠోపాఠం. బస్సు నడపడం మానేశాక ఆమెకు కాగితాలే లోకమయ్యాయి: సరిహద్దుల పటాలు, బహిరంగ విచారణల నివేదికలు, ‘పరిశీలిస్తాము’ అంటూ వచ్చిన జవాబులు. పదేళ్లకోసారి జనాభా లెక్క తేలగానే, గొర్రెల మందను ఏనాడూ చూడని పెద్దమనుషులు రాజధానిలో కూర్చుని నియోజకవర్గాలను కేకు కోసినట్టు కోసి పంచుకుంటారు. ఆ తంతు తలచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది తమ్ముడి కూతురు మైటే శాసనసభకు పోటీ పడింది. పార్టీ అభ్యర్థిని తేల్చే తొలి ఎన్నికలో ప్రత్యర్థి దాణా వ్యాపారి ఆర్లో బింగమ్. తపాలాలో వచ్చిన ఓటు పత్రం మీద మైటే పేరు చూసి గ్రాసియానా మురిసిపోయింది. మరుక్షణమే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తన ఇల్లు ఆ నియోజకవర్గంలోది కాదు! చట్టం సరిహద్దుగా చెప్పింది ఇంటి పక్క వాగు పాత దారిని. పెద్ద వరదలో వాగు దారి మార్చుకుంటే, కొత్త దారి వెంట గీత గీసిన గుమాస్తాలు ఆమెదీ మరో ఆరూ కలిపి ఏడిళ్లను మైటే నియోజకవర్గంలోకి లాగేశారు.

పటం చంకన పెట్టుకుని ఎన్నికల కార్యాలయానికి బయలుదేరుతుంటే మైటే గుమ్మంలో అడ్డుపడింది.

“అత్తా, ఎవరూ కనిపెట్టలేదు. నువ్వు ఊరుకుంటే చాలు.”

“ఇన్నేళ్లూ దారి తప్పకుండా బండి తోలానే. ఇప్పుడు నీకోసం తప్పమంటావా?”

“ఆ ఏడిళ్లలో పద్దెనిమిది ఓట్లు! సొంత మేనకోడలి గొంతు కోస్తావా?”

“బింగమ్ ఇలా ఊరుకోమని ఉంటే ఊరంతా గగ్గోలు పెట్టేదాన్ని కదటే. తప్పుకో.”

ఏడిళ్లకూ పక్క నియోజకవర్గం ఓటు పత్రాలు వచ్చాయి. మైటే అత్తతో మాటలు మానేసింది.

లెక్కింపులో ఇద్దరికీ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కించినా అంతే. అలాంటప్పుడు అక్కడ పేకముక్కే తీర్పరి; పెద్ద ముక్క తీసినవారిదే గెలుపు. ఎన్నికల అధికారిణి వెల్డా స్ప్రౌల్ బల్ల మీద కొత్త పేక కలిపింది.

“జోకర్లు తీసేశావా వెల్డా?” వెనక నుంచి ఎవరో అరిచారు.

“తీసేశానయ్యా. పోటీలో ఉన్నవాళ్లు చాలు!”

మైటేకు కళావరు ఆరు పడింది. బింగమ్‌కు ఆఠీను రాజు.

భోజనం వేళకు ఊరంతా, ఒకప్పుడు స్పెయిన్ కొండల నుంచి గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్కు జనం హోటల్లోనే. పొడవాటి బల్ల, అందరికీ కలిపి ఒకే సూపు గిన్నె. ఓడినవాళ్లకు వేరే చోటు లేదు.

“మీ పుణ్యమా అని గెలిచా గ్రాసియానా గారూ,” అంటూ బింగమ్ రొట్టె అందించాడు.

“నాకు మీ దగ్గర ఓటు లేదు నాయనా. కానీ నవంబరులో అసలు ఎన్నిక గెలిచారంటే మొదటి ఫిర్యాదు నాదే.”

“ఒక పేజీ అనుకునేరు,” అంది మైటే పళ్లెంలోంచి తలెత్తకుండా. “జతచేసిన కాగితాలే నలభై ఉంటాయి.” రొట్టె తుంచుతూ మెల్లగా అడిగింది: “అత్తా, ఆ పద్దెనిమిదిలో నాకెన్ని పడేవి?”

గ్రాసియానా ఒక్కో గుమ్మాన్నీ తలచుకుంటూ వేళ్లు మడిచింది. “ఎనిమిది. నాతో కలిపి. మిగతా పదీ బింగమ్‌కే.”

“ఆ ముక్క అప్పుడే ఏడవొచ్చుగా!”

“చెబితే, లాభం చూసుకుని వెళ్లాననేదానివి.”

మైటే ఆమెవైపు గుర్రుగా చూసింది.

“సూపు ఇటు పంపు అత్తా, చల్లారిపోతోంది,” అంది.